కెర్నెల్ హెడర్లు: ఆది జాకెట్టు లేకుండా కుట్టమంటే ఎట్లా?

2024 ఫిబ్రవరిలో ఒక రోజు, తెల్లవారి ఆరు కాకముందే ఫోన్ మోగింది. ఎనుమాముల మార్కెట్‌కి పోయే దారిలో ఒక ప్రైవేటు వేబ్రిడ్జి ఉంది. మా దగ్గర ధర్మకాంట అంటాం. దాని కంప్యూటర్ల బాగోగులు చూసేది నేనే. ఫోన్ చేసింది అక్కడ రాత్రి డ్యూటీలో ఉండే ఆపరేటర్.

“అన్నా, బరువు వస్తలేదు. డబ్బా మీద నంబరు కనపడుతుంది, కంప్యూటర్ల మాత్రం సున్నానే. బయట లారీలు లైను కట్టినయి.”

మిర్చి సీజన్‌లో ఆ రోడ్డు ఎట్లా ఉంటుందో వరంగల్ వాళ్ళకి చెప్పనక్కర్లేదు. డీసీఎంలు, ట్రాక్టర్లు, ఆటో ట్రాలీలు, వాటి నిండా బస్తాలు, బస్తాల మీద రాత్రంతా నిద్ర లేని రైతులు. కాంటా చిట్టీ చేతికి రానిదే బండి కదలదు. బండి కదలనిదే హమాలీలకు పని మొదలు కాదు. ఆలస్యమైన ప్రతి పది నిమిషాలకూ నష్టపోయేది కంప్యూటర్ మొహం కూడా చూడని మనిషి.

“కరెంటు పోయిందా రాత్రి?” అన్నాను.

“నాలుగింటికి పోయొచ్చింది అన్నా. యూపీఎస్ కూడ నిలవలేదు.”

టెర్మినల్ తెరవమని ఒక్కో అక్షరం చెప్పాను. యు, ఎన్, ఎ, ఎమ్, ఇ, తర్వాత ఖాళీ, అడ్డగీత, ఆర్. ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయను కెర్నెల్ అంటాం, ఇప్పుడు నడుస్తున్నది ఏ కెర్నెలో ఈ యూనేమ్ కమాండ్ చెబుతుంది. ఎంటర్ కొట్టి అతను చదివాడు: “ఆరు చుక్క ఒకటి చుక్క సున్నా గీత పద్దెనిమిది.” నాకు విషయం అర్థమైపోయింది. నిన్నటి దాకా అక్కడ నడిచింది పదిహేడు. ఆ మెషీన్‌లో ఉన్నది డెబియన్ అనే లినక్స్. ఆ వారమే డెబియన్ 12.5 వచ్చింది, దానితో కొత్త కెర్నెల్ వచ్చింది. రాత్రిపూట అప్‌డేట్లు వాటంతటవే పడేలా పెట్టింది నేనే. కొత్త కెర్నెల్ డిస్క్ మీద కూర్చుని ఎప్పుడు రీబూట్ అవుతుందా అని చూస్తోంది, కరెంటు పోయి ఆ పని చేసిపెట్టింది. కాంటా నుంచి బరువు అందుకునే సీరియల్ కార్డును నడిపే ప్రోగ్రామ్, అంటే దాని డ్రైవర్, మాత్రం పదిహేడు దగ్గరే ఆగిపోయింది.

“తమ్మీ, రీస్టార్ట్ చెయ్. మెనూ రాగానే కింది బాణం ఒకసారి నొక్కి ఎంటర్ కొట్టు. అందులో పదిహేడు అని రాసున్న లైను మీద మళ్ళీ ఎంటర్.” ఐదు నిమిషాల్లో బరువు వచ్చింది. మొదటి లారీ దిగిన చప్పుడు నాకు ఫోన్‌లోనే వినపడింది.

తప్పు నాదే. ఆ మెషీన్ పెట్టిన రోజు కెర్నెల్ హెడర్ల కోసం నేను కొట్టిన ఒకే ఒక్క కమాండ్ దీనికి కారణం. ఆ కమాండ్ ఇంటర్నెట్‌లో ఏ పాఠం తీసినా మొదటి పేజీలోనే ఉంటుంది, అందరూ దాన్నే కాపీ కొడతారు, నేనూ అదే కొట్టాను. దాని మీద నాకున్న అభ్యంతరం చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. ముందు అసలు హెడర్లంటే ఏమిటో చెప్పాలి.

మా అమ్మ హన్మకొండ కుమార్‌పల్లిలో ముప్పై ఏళ్ళు జాకెట్లు కుట్టింది. ఆమె దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది కొలతలు ఇవ్వడానికి నిలబడేవాళ్ళు కాదు. కొత్త బట్టతో పాటు ఒక ఆది జాకెట్టు పంపేవాళ్ళు, అంటే ఒంటికి సరిగ్గా అమరిన పాతది ఒకటి. అమ్మ దాన్ని బల్ల మీద పరిచి, ముడతలు అరచేత్తో సాపు చేసి, భుజం, చంక, నడుము, మెడ లోతు టేపుతో చూసి, సుద్దతో గీసుకునేది. మనిషిని చూడకుండానే మనిషికి సరిపోయే జాకెట్టు తయారయ్యేది. ప్రతి ఆది జాకెట్టుకూ లోపలివైపు ఒక గుడ్డ పీలిక కుట్టి, దాని మీద పెన్నుతో పేరు, తారీఖు రాసేది. పేరు సరే, తారీఖు ఎందుకని చిన్నప్పుడు అడిగాను. “మనిషి అదే ఉంటదిరా, ఒళ్ళు అదే ఉండదు” అంది.

కెర్నెల్ ఆ మనిషి. బయట రాసి తెచ్చి కెర్నెల్‌లో తొడిగే డ్రైవర్ మాడ్యూల్ ఆ కొత్త జాకెట్టు. హెడర్లు ఆది జాకెట్టు. మాడ్యూల్‌ను కంపైల్ చేసేటప్పుడు, అంటే రాసిన కోడ్‌ను మెషీన్ భాషలోకి మార్చేటప్పుడు, కంపైలర్ ముందు నడుస్తున్న కెర్నెల్ ఉండదు. దాని కొలతలే ఉంటాయి: ఏ స్ట్రక్చర్‌లో ఏ ఫీల్డు ఎన్నో బైటు దగ్గర మొదలవుతుంది, ఏ ఫంక్షన్ ఎన్ని ఆర్గ్యుమెంట్లు తీసుకుంటుంది, కెర్నెల్ కట్టినప్పుడు ఏ ఆప్షన్లు ఆన్‌లో ఉన్నాయి.

ఈ చివరిదాన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. ఒక ఉదాహరణ అనుకుందాం. సీరియల్ పోర్టు వివరాలు దాచే స్ట్రక్చర్‌లో నలభయ్యో బైటు దగ్గర పోర్టు నంబరు ఉంది. కెర్నెల్ కట్టేవాళ్ళు ఏదో డీబగ్ ఆప్షన్ ఆన్ చేశారు. దానివల్ల ఆ స్ట్రక్చర్ మధ్యలో ఒక పాయింటర్, అంటే ఇంకో చోటి అడ్రసు, వచ్చి చేరింది. అది ఎనిమిది బైట్లు. అక్కడి నుంచి కింద ఉన్నవన్నీ ఎనిమిదేసి బైట్లు జరిగాయి. పాత కొలతలతో కుట్టిన మాడ్యూల్ నలభయ్యో బైటు దగ్గరే పోర్టు నంబరు ఉందనుకుని రాస్తుంది. ఇప్పుడు అక్కడ ఉన్నది పాయింటర్. మామూలు ప్రోగ్రామ్ ఇట్లా తనది కాని చోట రాస్తే ఆపరేటింగ్ సిస్టమ్ దాన్ని పట్టుకుని చంపేస్తుంది, మిగతావన్నీ క్షేమంగా ఉంటాయి. కెర్నెల్ లోపల ఆ గోడ లేదు. మాడ్యూల్, ఫైల్ సిస్టమ్, నెట్‌వర్క్ అన్నీ ఒకే ఇంట్లో ఒకే వంటింటి మీద బతుకుతాయి. మెషీన్ ఉన్నచోటే బిగుసుకుపోతే అదృష్టమనుకోవాలి. బిగుసుకోకుండా పాడైన డేటాతో నడుస్తూ పోతే, బరువులు చూసే చోట దాని అర్థమేమిటో ఊహించుకోండి.

అందుకే కెర్నెల్ గుమ్మం దగ్గరే ఆపి చూస్తుంది. ప్రతి మాడ్యూల్ లోపల వెర్‌మ్యాజిక్ అని ఒక చిన్న వాక్యం ఉంటుంది: ఏ వెర్షన్‌కి కట్టారు, ఎక్కువ ప్రాసెసర్ల కోసమా, ఇట్లాంటివి. అమ్మ కుట్టిన గుడ్డ పీలికే అది. దాంతో ఆగకుండా, మాడ్‌వెర్షన్స్ అనే సదుపాయం ఆన్‌లో ఉన్న కెర్నెళ్ళు మాడ్యూల్ వాడుకునే ఒక్కో సింబల్‌కీ, అంటే ఫంక్షన్ లాంటిదానికీ, వేలిముద్ర లాంటి ఒక సీఆర్‌సీ సంఖ్యను పోల్చుకుంటాయి. అప్పుడు వెర్షన్ నంబరు కన్నా ఆ సంఖ్యలకే విలువ. డెబియన్ 12 కెర్నెల్‌లో ఇది ఆన్‌లోనే ఉంటుంది. ఆ సంఖ్యలన్నీ మాడ్యూల్ డాట్ సిమ్‌వెర్స్ అనే ఫైల్‌లో ఉంటాయి, ఆ ఫైల్ హెడర్ల ప్యాకేజీలోనే వస్తుంది.

అంటే హెడర్లు అనే పేరు సగమే చెబుతోంది. ఆ ప్యాకేజీలోనూ, దాని వెంట వచ్చే ప్యాకేజీల్లోనూ డాట్ హెచ్ ఫైళ్ళతో పాటు కెర్నెల్ కాన్ఫిగరేషన్, మేక్‌ఫైళ్ళు, మాడ్‌పోస్ట్, ఫిక్స్‌డెప్ లాంటి చిన్న ప్రోగ్రాములు, సిమ్‌వెర్స్ అన్నీ కలిసి ఉంటాయి. ఆది జాకెట్టుతో పాటు టేపు, సుద్ద, కత్తెర కూడా సంచిలో పెట్టి పంపినట్టు. లిబ్ కింద మాడ్యూల్స్ ఫోల్డర్‌లో ఒక్కో కెర్నెల్‌కీ ఒక్కో ఫోల్డర్, అందులో బిల్డ్ అనే ఒక లింకు ఉంటాయి. ఆ లింకు ఈ సంచి దగ్గరికి దారి. కట్టే పని నడిపించే మేక్ అనే ప్రోగ్రామ్‌కి ఆ దారి చూపించి, మన మాడ్యూల్ ఫలానా చోట ఉందని ఎమ్ అనే వేరియబుల్‌తో చెబితే, మిగతాది కెర్నెల్ బిల్డ్ పద్ధతే చూసుకుంటుంది. కెర్నెల్ సోర్స్ తెచ్చుకుని మాడ్యూల్స్ ప్రిపేర్ అనే టార్గెట్ నడిపితే సరిపోతుంది కదా అని కొందరంటారు. సరిపోదు. దానితో సిమ్‌వెర్స్ తయారవదు. మాడ్‌వెర్షన్స్ ఉన్న కెర్నెల్‌కి అది కావాలంటే మొత్తం కెర్నెల్ కట్టాల్సిందే.

పేర్ల గందరగోళం ఒకటి. డెబియన్‌లో లినక్స్ లిబ్‌సి డెవ్ అని ఒక ప్యాకేజీ ఉంది, ఫెడోరా అనే ఇంకో లినక్స్‌లో కెర్నెల్ హెడర్స్ అని ఒకటి ఉంది. ఇవి మామూలు ప్రోగ్రాములు కెర్నెల్‌తో మాట్లాడటానికి వాడేవి. మాడ్యూల్ కట్టడానికి పనికిరావు. ఫెడోరాలో మాడ్యూల్‌కి కావలసింది కెర్నెల్ డెవెల్. పేరు చూసి కెర్నెల్ హెడర్స్ వేసుకుని, ఇంకా ఎర్రర్ ఎందుకొస్తోందని జుట్టు పీక్కున్నవాళ్ళు నాకు తెలిసి ముగ్గురున్నారు.

ఇక ఆ కమాండ్ సంగతి.

ప్రతి పాఠంలోనూ రాసేదిది: లినక్స్ హెడర్స్, దాని పక్కన యూనేమ్ చెప్పే వెర్షన్ అతికించి ఇన్‌స్టాల్ చేసుకోండి. ఆ కమాండ్ ఆ క్షణానికి నిజంగా పనిచేస్తుంది. ఇప్పుడు నడుస్తున్న కెర్నెల్ పేరేదో కనుక్కుని సరిగ్గా దాని హెడర్లే తెస్తుంది. ఎర్రర్ పోతుంది, మాడ్యూల్ తయారవుతుంది, మనం ఇంటికి పోతాం. కానీ ఆ కమాండ్ మెషీన్‌కి చెప్పింది ఒక్క తారీఖు మాట. “ఈ రోజు కొలత ఇదిగో” అంది, అంతే. రేపు కెర్నెల్ మారితే కొత్త కొలత తెచ్చుకోమని ఎవరూ చెప్పలేదు. డెబియన్‌లో కెర్నెల్ ఇమేజ్ (కెర్నెల్ ప్యాకేజీ) కోసం ఒక మెటా ప్యాకేజీ ఉంటుంది, కొత్త కెర్నెల్ వచ్చినప్పుడల్లా అది లాక్కొస్తుంది. హెడర్లకూ అట్లాంటిదే ఉంది. వెర్షన్ నంబరు ఏమీ లేకుండా లినక్స్ హెడర్స్ ఎఎండి64 అని దాని పేరు. మొదటిది మెషీన్‌లో ఉండి రెండోది లేకపోతే ప్రతి అప్‌డేట్‌కీ మనిషి పెరుగుతూ పోతాడు, ఆది జాకెట్టు మాత్రం పాతదే ఉంటుంది.

ఉబుంటులో ఈ బాధ కొంత తక్కువ. లినక్స్ జెనెరిక్ అనే ప్యాకేజీ ఇమేజ్‌నూ హెడర్లనూ రెంటినీ కలిపి తెస్తుంది. వాళ్ళు చేసింది సరైన పని అని నా నమ్మకం. కాస్త డిస్క్ జాగా ఎక్కువ పడుతుంది, పడనీ. హెడర్లు అందరికీ అక్కర్లేదు కదా, విడిగా ఉంచడమే పద్ధతి అని డెబియన్ అభిమానులు నాతో వాదించారు. నిజమే, అందరికీ అక్కర్లేదు. కానీ బయటి మాడ్యూల్ ఒక్కటి ఉన్నా ఆ మెషీన్‌లో ఇమేజ్, హెడర్లు ఒకే వస్తువు కింద లెక్క. ఒకటి వచ్చిన రోజే రెండోది రావాలి, ఒకటి పోయిన రోజే రెండోది పోవాలి. మధ్యలో ఒక్క గంట ఎడం ఉన్నా ఆ గంటలోనే కరెంటు పోతుంది.

“అవసరమైనప్పుడు తెచ్చుకుంటాం లే” అనేవాళ్ళకి ఇంకో సంగతి చెప్పాలి. అవసరమైనప్పుడు అవి దొరక్కపోవచ్చు. డెబియన్ స్టేబుల్‌లో కొత్త కెర్నెల్ వెర్షన్ వచ్చాక కొన్నాళ్ళకు పాతవి మిర్రర్ల నుంచి, అంటే ప్యాకేజీలు దించుకునే సర్వర్ల నుంచి, తప్పుకుంటాయి. అప్పుడు పాత కెర్నెల్ మీద నడుస్తున్న మెషీన్‌లో యూనేమ్ అతికించిన ఆ కమాండ్ కొడితే “అలాంటి ప్యాకేజీ కనపడలేదు” అంటుంది. పదేపదే మారే కాలీ లాంటి లినక్స్‌లలో ఇది ఇంకా ఎక్కువ. చాలామంది అక్కడ రిపాజిటరీ పాడైందనుకుని సోర్సెస్ ఫైల్ చెరిపి తిరగరాస్తారు. ఏమీ పాడవలేదు. మెషీన్ రీబూట్ కాలేదు కాబట్టి నడుస్తున్నది పాతది, దుకాణంలో ఉన్నది కొత్తది. పూర్తిగా అప్‌గ్రేడ్ చేసి, రీబూట్ చేసి, అప్పుడు హెడర్లు వేసుకుంటే సరిపోతుంది. రీబూట్ కుదరని చోట డెబియన్ వాళ్ళ స్నాప్‌షాట్ ఆర్కైవ్ ఉంది. ఒకప్పటి ప్యాకేజీలన్నీ తారీఖుల వారీగా అక్కడ దాచిపెట్టారు. నన్ను రెండుసార్లు గట్టెక్కించింది.

నెట్ లేని చోట్ల కథ వేరు. ములుగు వైపు ఒక రైస్ మిల్లులో కంప్యూటర్‌కి ఇంటర్నెట్ ఇవ్వలేదు, ఇవ్వొద్దన్నది ఓనర్ నిర్ణయం. అక్కడికి పెన్‌డ్రైవ్‌లో హెడర్ల ప్యాకేజీ ఒకటి వేసుకుని బస్సులో పోయాను. ఇన్‌స్టాల్ చేయబోతే అది ఇంకో మూడింటిని అడిగింది: అన్ని ఫ్లేవర్లకీ (కెర్నెల్ రకాలకీ) కలిపి ఉండే కామన్ హెడర్లు, కెబిల్డ్ అనే పనిముట్ల ప్యాకేజీ, ఆ కెర్నెల్‌ను కట్టిన జీసీసీ అనే కంపైలర్ వెర్షన్‌నే తెచ్చిపెట్టే ప్యాకేజీ. ఫోన్‌కి సిగ్నల్ కూడా లేదు. ఒక రోజు వృథా అయింది. అప్పటి నుంచి ఊహ మీద పోవడం మానేశాను. ముందు ఆ మెషీన్ మీదే ఇన్‌స్టాల్ కమాండ్‌కి ప్రింట్ యూఆర్ఐస్ అనే ఆప్షన్ తగిలించి నడుపుతాను. అది ఏదీ దించుకోదు, తనకు ఏమేం లేవో చూసి వాటి అడ్రసుల జాబితా మాత్రం రాసిస్తుంది. ఆ జాబితా హన్మకొండకి తెచ్చుకుని నెట్ ఉన్న చోట అన్నీ దించుకుని మళ్ళీ పోతాను. రెండు ప్రయాణాలే, కానీ రెండోది ఖాయంగా పని అయ్యే ప్రయాణం.

కంపైలర్ మాట వచ్చింది కాబట్టి. ఉబుంటు 22.04 మామూలుగా జీసీసీ 11తో వస్తుంది. దానికి తర్వాత వచ్చిన 6.5 కెర్నెల్‌ను మాత్రం జీసీసీ 12తో కట్టారు. హెడర్లు సరిగ్గానే ఉన్నా, జీసీసీ 12 లేదని మాడ్యూళ్ళు ఆగిపోయిన మెషీన్లు ఎన్నో. ఇట్లాంటప్పుడు లాగ్ ఫైల్ మొదటి ఎర్రర్ దాకా పైకి పోయి చదవడం ఒక్కటే మార్గం. చివరి లైను ఎప్పుడూ “బిల్డ్ ఫెయిల్ అయింది” అనే అంటుంది, దానిలో సమాచారం ఏమీ ఉండదు.

డీకేఎమ్ఎస్ ఉంది కదా అని అడిగేవాళ్ళుంటారు. ఉంది, మంచిది, నేను ప్రతి చోటా పెడతాను. 2003లో డెల్ ఇంజనీర్లు తయారుచేశారు దాన్ని. మాడ్యూల్ సోర్స్ ఒక చోట పెట్టి ఒక చిన్న కాన్ఫ్ ఫైల్ రాస్తే, కొత్త కెర్నెల్ పడిన ప్రతిసారీ తనే కుట్టి పెడుతుంది. కానీ డీకేఎమ్ఎస్ దర్జీ. ఆది జాకెట్టు తెచ్చిపెట్టడం దాని పని కాదు. హెడర్లు లేకపోతే ఒక లైను మెసేజ్ రాసి పక్కకి తప్పుకుంటుంది. రాత్రి మూడింటికి ఎవరూ చూడని అప్‌డేట్‌లో ఆ లైను ఎవరు చదువుతారు? ఆ ఫిబ్రవరి పొద్దున మా కాంటా మెషీన్‌లో డీకేఎమ్ఎస్ ఉంది. మధ్యాహ్నం పోయి లాగ్ తీస్తే ఆ లైను అందులో ఉంది: పద్దెనిమిదికి హెడర్లు దొరకలేదు, వదిలేస్తున్నాను. అది నాకు చెప్పింది. నేను వినే ఏర్పాటు చేసుకోలేదు.

ఇప్పుడు నేను చూసే మెషీన్లన్నిటిలో ఒక చిన్న స్క్రిప్టు ఉంది. అప్‌డేట్ అయ్యాక లిబ్ మాడ్యూల్స్‌లో ఉన్న ప్రతి కెర్నెల్ ఫోల్డర్‌లోకీ పోయి రెండు చూస్తుంది: బిల్డ్ లింకు నిజంగా ఎక్కడికైనా తీసుకుపోతోందా, మన మాడ్యూల్ తయారై డాట్ కేఓ ఫైల్‌గా అక్కడ ఉందా. రెండూ ఉన్న కెర్నెళ్ళలో అన్నిటికన్నా కొత్తదాన్నే గ్రబ్‌లో, అంటే మెషీన్ లేచేటప్పుడు వచ్చే మెనూలో, మొదట పెడుతుంది. లేనిదాన్ని ముందుకి రానివ్వదు, నాకు మెసేజ్ పంపుతుంది. ఇరవై లైన్లు కూడా ఉండదు. కరెంటు పోయినా, ఎవరు ఎప్పుడు రీస్టార్ట్ చేసినా, కాంటా పనిచేసే కెర్నెల్ మీదే మెషీన్ లేస్తుంది.

మా ఊళ్ళో ఎక్కువగా వినపడే సలహా ఇది కాదు. “అప్‌డేట్లు ఆపెయ్, తలనొప్పి ఉండదు” అంటారు. కంప్యూటర్ షాపుల్లో అంటారు, కాలేజీ ల్యాబుల్లో అంటారు. కెర్నెల్ మారకుండా హోల్డ్‌లో పెట్టి ఏళ్ళ తరబడి వదిలేసిన మెషీన్లు నేనెన్నో చూశాను. నేను దీన్ని గట్టిగా వ్యతిరేకిస్తాను. 2022 మార్చిలో బయటపడ్డ డర్టీ పైప్ గుర్తుందా? కెర్నెల్ 5.8 నుంచి ఉన్న భద్రతా లోపం. ఏ అధికారం లేని మామూలు యూజర్ కూడా తాను రాయకూడని ఫైళ్ళలోకి రాసి రూట్, అంటే మెషీన్ మొత్తానికి యజమాని, అయిపోగలిగేవాడు. 5.16.11, 5.15.25, 5.10.102లలో సరిచేశారు. 5.8కీ వాటికీ మధ్య ఉన్న కెర్నెల్ దగ్గర హోల్డ్ పెట్టినవాళ్ళ మెషీన్లలో ఆ తలుపు అట్లాగే తెరిచి ఉంది. వేబ్రిడ్జి కంప్యూటర్‌లో రైతుల పేర్లు, బళ్ళ నంబర్లు, బరువులు ఉంటాయి. ఒక్క అంకె మారితే ఒక కుటుంబం ఏడాది కష్టం మారుతుంది. డ్రైవర్ ఇబ్బంది పెడుతోందని మెషీన్‌కి గడియ తీసేసి కూర్చోవడం నాకు చేతకాదు.

హోల్డ్ కన్నా చెడ్డది ఇంకోటి ఉంది. వేరే మెషీన్‌లో తయారైన డాట్ కేఓ ఫైల్‌ను వాట్సాప్‌లో పంపించుకుని, ఫోర్స్ ఆప్షన్‌తో ఎక్కించడం. ఫోర్స్ అంటే గుడ్డ పీలిక చించేసి, సీఆర్‌సీలు చూడకుండా లోపలికి తోసెయ్యమని కెర్నెల్‌ను బలవంతపెట్టడం. ఎవరైనా మీకు ఈ సలహా ఇస్తే, ఆ మెషీన్ మీద ఉన్నది వాళ్ళ డేటా కాదని గుర్తుంచుకోండి.

ఆదివారాలు కొందరు ఇంజనీరింగ్ పిల్లలు మా ఇంటికొస్తారు. హన్మకొండ, కాజీపేట చుట్టూ కాలేజీలకు కొదవ లేదు. వాళ్ళు రాసే మొదటి మాడ్యూల్ పట్టుమని పది లైన్లుండదు, లోడ్ అయితే లాగ్‌లో హలో అంటుంది. ఆ పది లైన్ల దగ్గరికి రాకముందే సగం మంది “బిల్డ్ అనే ఫోల్డర్ లేదు” దగ్గర ఆగిపోతారు. కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: వాళ్ళు నడుపుతున్నామనుకునే కెర్నెల్ వేరు, నిజంగా నడుస్తున్నది వేరు. విండోస్ లోపలే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్ 2 వేసుకున్న అమ్మాయి ఉబుంటు నడుపుతున్నాననుకుంటుంది. చుట్టూ ఉన్నది ఉబుంటునే, కానీ కింద కెర్నెల్ మైక్రోసాఫ్ట్ కట్టింది. దాని హెడర్లు ఉబుంటు దుకాణంలో ఉండవు. మైక్రోసాఫ్ట్ గిట్‌హబ్‌లో పెట్టిన ఆ కెర్నెల్ సోర్స్ తెచ్చుకుని కట్టుకోవాలి. ప్రోగ్రాములను విడివిడి కంటెయినర్లలో నడిపే డాకర్‌లో ఉన్నవాడికీ ఇదే. కంటెయినర్ లోపల డెబియన్ ఉన్నా యూనేమ్ చెప్పేది బయటి మెషీన్ కెర్నెల్ పేరు. అద్దెకు తీసుకున్న క్లౌడ్ మెషీన్‌లో కెర్నెల్ ఫ్లేవర్ అమెజాన్ క్లౌడ్ కోసం కట్టిన ఏడబ్ల్యూఎస్ అయితే, మామూలు జెనెరిక్ హెడర్లు ఎన్నిసార్లు వేసినా బిల్డ్ లింకు దొరకదు.

ఇది పరీక్షలో రాని పాఠం. అందుకే మొదటి ఆదివారం కోడ్ ముట్టనివ్వను. యూనేమ్ ఏం చెబుతోంది, లిబ్ మాడ్యూల్స్‌లో ఎన్ని ఫోల్డర్లున్నాయి, వాటి బిల్డ్ లింకులు ఎటు పోతున్నాయి, ఇవి నోట్‌బుక్‌లో రాసుకురమ్మంటాను. ఒకసారి వేలు పెట్టి చూపించగలిగినవాళ్ళు మళ్ళీ ఈ విషయంలో తడబడరు. సంతకం లేని మాడ్యూళ్ళను ఆపే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్నవాళ్ళు మాడ్యూల్‌కి సంతకం చేసుకుని ఆ తాళంచెవిని మోక్ అనే జాబితాలో నమోదు చేసుకోవాలి. అది మరో రోజు పని.

ఇంత బాధ ఎందుకు, కెర్నెల్ వాళ్ళు లోపలి కొలతలు మార్చకుండా ఉంటే సరిపోయేది కదా అని అమ్మ ఒకసారి అడిగింది. మంచి ప్రశ్న. కెర్నెల్ డాక్యుమెంటేషన్‌లోనే దీనికి జవాబుంది. కెర్నెల్ డెవలపర్ గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ రాశాడు. బయటి ప్రోగ్రాములతో మాట్లాడే సిస్టమ్ కాల్స్ మారవు, అది వాళ్ళు నిలబెట్టుకునే మాట. లోపలి ఫంక్షన్లు మాత్రం మారతాయి, మారాలి, లేకపోతే పాత తప్పులు ఎప్పటికీ మోయాల్సి వస్తుంది అంటాడు. మీ డ్రైవర్‌ను కెర్నెల్ సోర్స్‌లోనే చేర్చండి, అప్పుడు ఎవరు ఏ ఫంక్షన్ మార్చినా మీ డ్రైవర్‌ను కూడా వాళ్ళే సరిచేస్తారు అంటాడు.

ఈ వాదనను నేను ఒప్పుకుంటాను. మా సీరియల్ కార్డు డ్రైవర్ సంగతే చూడండి. కార్డు అమ్మినవాళ్ళు సీడీలో ఇచ్చిన సోర్స్ ఎప్పటిదో. కెర్నెల్ 5.14లో టీటీవై డ్రైవర్ల (సీరియల్ పోర్టుల్లాంటివి నడిపేవాటి) రైట్ రూమ్ ఫంక్షన్ వెనక్కిచ్చే టైపు మారింది. 6.1లో సెట్ టర్మియోస్ అనే ఫంక్షన్‌కి వచ్చే పాత సెట్టింగ్స్‌ను డ్రైవర్ మార్చకూడదని కాన్‌స్ట్ చేశారు. రెండూ న్యాయమైన మార్పులే. ఒక్కోటీ రెండు మూడు లైన్ల పని. కెర్నెల్ లోపల ఉన్న సీరియల్ డ్రైవర్లన్నిటికీ ఆ మార్పు చేసినవాళ్ళే సరిచేసి పెట్టారు. మా డ్రైవర్ బయట ఉంది కాబట్టి ఎవరికీ పట్టలేదు. కంపైలర్ అరిచినప్పుడల్లా నేనే కూర్చుని దిద్దాను.

కానీ ఆ వాదనలో నాకు ఒక లోటు కనపడుతుంది. డ్రైవర్‌ను బయట ఉంచాలని నిర్ణయించింది కార్డు అమ్మిన కంపెనీ. ఆ నిర్ణయానికి పొద్దున్నే మూల్యం చెల్లించింది మిర్చి బస్తాల మీద కూర్చున్న రైతు. ఈ ఇద్దరికీ తమ మధ్య ఉన్న సంబంధమే తెలియదు. దిద్దిన సోర్స్ నేను ఆ కంపెనీకి పంపాను, కెర్నెల్‌లో చేర్చమని, కావాలంటే ఆ పని నేను చేస్తానని రాశాను. రెండుసార్లు రాశాను. జవాబు రాలేదు. అందుకే ఇప్పుడు ఎవరు కొత్త మెషీన్ పెడతామన్నా కార్డు కొనకముందే నాకు చెప్పమంటున్నాను. ధర, పోర్టుల సంఖ్య తర్వాత చూద్దాం, ముందు దాని డ్రైవర్ కెర్నెల్ సోర్స్‌లో ఉందా అని చూస్తాను. చౌకగా దొరికే యూఎస్‌బీ సీరియల్ వైర్ల డ్రైవర్లు సీహెచ్341, పీఎల్2303 ఎప్పటి నుంచో కెర్నెల్‌లోనే ఉన్నాయి. వాటితో నడిచే కాంటాల దగ్గర హెడర్లు అనే మాటే నేను ఎత్తనక్కర్లేకపోయింది. పదిహేడైనా పద్దెనిమిదైనా వైరు పెడితే బరువు వస్తుంది.

ఆ ఎనుమాముల రోడ్డు కాంటా సేటుకి నేను చూసేవి మూడు కంప్యూటర్లు. రెండింటిలో ఆ కార్డు తీసేసి యూఎస్‌బీ వైర్లు పెట్టాం. మూడోదాంట్లో రెండు కాంటాలు, బయటి డిస్‌ప్లే బోర్డు, గేటు సెన్సర్లు అన్నీ ఒకే కార్డు మీద ఆధారపడి ఉన్నాయి, ఒక్క రోజులో మారేది కాదు. దసరా తర్వాత, మిర్చి రాకముందు, పని తగ్గినప్పుడు మారుద్దామన్నాడు. అప్పటి దాకా ఆ ఒక్క మెషీన్ కోసం స్క్రిప్టు రోజూ రాత్రి నడుస్తుంది, పొద్దున నాకు ఒక లైను పంపుతుంది. ఈ రోజు వచ్చిన లైనులో రెండు కెర్నెళ్ళు ఉన్నాయి, రెండింటికీ హెడర్లు ఉన్నాయి, రెండింటికీ మాడ్యూల్ ఉంది.